క్లిక్ చేస్తే ఏది తెరుచుకోవాలి? మా పన్నుల ఆఫీసులో థండర్‌బర్డ్ పనితీరు

మెయిల్ ప్రోగ్రాముల మీద సమీక్షలు రాసేవాళ్లు సాధారణంగా ఇన్‌బాక్స్ ఎంత అందంగా ఉందో, రంగులు ఎలా మార్చుకోవచ్చో చెబుతారు. నాకు అవేవీ పట్టవు. ఎక్సెల్ షీటులో క్లయింటు మెయిల్ చిరునామా మీద నొక్కితే ఏం జరుగుతుందన్నదే నా పరీక్ష. ఉత్తరం రాసే కిటికీ నేరుగా తెరుచుకుంటుందా, లేక ఎన్నడూ వాడని ప్రోగ్రాం ఒకటి ముందుకొచ్చి "స్వాగతం, మీ ఖాతాను జోడించండి" అని పలకరిస్తుందా? ఆ పరీక్షలో మొజిల్లా కుటుంబానికి చెందిన థండర్‌బర్డ్ బాగానే నెగ్గింది. అయితే దాన్ని ఆ పరీక్షదాకా తీసుకురావడానికి పడవలసిన పాట్లు కొన్ని ఉన్నాయి. అవి తెలియకుండా దించుకుంటే మూడో రోజున తీసేస్తారు.

తెనాలిలో జీఎస్టీ ప్రాక్టీషనరుగా నా ఆఫీసు చిన్నది. నేను, ఒక సహాయకురాలు, రెండు కంప్యూటర్లు, ఎప్పుడూ వేడెక్కి ఉండే ఒక ప్రింటరు. క్లయింట్లలో బియ్యం వ్యాపారులు, నగల దుకాణాలు, సిమెంటు కొట్లు ఎక్కువ. నెలనెలా 11వ తేదీకి అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1, 20వ తేదీకి పన్ను లెక్క తేల్చి కట్టే జీఎస్టీఆర్-3బి రిటర్నులు వేయాలి. ఐదు కోట్ల లోపు టర్నోవరు ఉండి మూడు నెలలకోసారి రిటర్ను వేసే పద్ధతి ఎంచుకున్నవారికి మన రాష్ట్రంలో 3బి గడువు ఆ త్రైమాసికం తర్వాతి నెల 22. గడువు దాటితే రోజుకు 50 రూపాయల ఆలస్య రుసుము, కట్టవలసిన పన్నేమీ లేని రిటర్నయితే రోజుకు 20. ఆ రుసుము పడ్డ రోజున క్లయింటు నోటినుంచి వచ్చే మాట ఎప్పుడూ ఒకటే: "మీరు ముందే చెప్పలేదు కదా మేడమ్!" ఫోనులో చెబితే గుర్తులేదంటారు. వాట్సాప్‌లో పెడితే పెళ్లి ఫొటోల కింద ఎక్కడో పోయిందంటారు. మెయిల్ పంపితే తేదీ, సమయం, నేను అడిగిన కాగితాల జాబితా అన్నీ సెంట్ ఫోల్డరులో భద్రంగా ఉంటాయి. తెరిచి చూపిస్తే ఇక వాదన ఉండదు.

అందుకే క్లయింట్ల జాబితా ఉన్న ఎక్సెల్ షీటులో ప్రతి పేరు పక్కనా ఒక మెయిల్ లింకు పెట్టుకున్నాను. గడువుకు రెండు మూడు రోజుల ముందు షీటు తెరిచి, ఇన్‌వాయిసులు రానివారి పేర్ల మీద ఒక్కొక్కటిగా నొక్కుతూ పోవాలి. అందరికీ ఒకేసారి పంపే యాడ్-ఆన్లు, అంటే అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు, థండర్‌బర్డ్‌కు ఉన్నాయి. అవి నాకు వద్దు. ఒకరికి కొనుగోలు బిల్లులు రావాలి, ఇంకొకరికి బ్యాంకు స్టేట్‌మెంటు రావాలి, మరొకరితో కాస్త గట్టిగా మాట్లాడాలి. మూసపోసిన ఉత్తరంతో ఈ మనుషుల దగ్గర పని జరగదు.

లింకు నొక్కితే వేరే ప్రోగ్రాం తెరుచుకున్నప్పుడు చాలామంది వర్డ్‌నో ఎక్సెల్‌నో తిట్టుకుంటారు. పాపం, పత్రానికి ఆ సంగతే తెలియదు. లింకులో ఉండేది "మెయిల్‌టు" (mailto) అనే మాట, ఒక కోలన్, ఆ తర్వాత చిరునామా. కావాలంటే దానికి విషయం, నకలు వెళ్లవలసినవారు, ఉత్తరం మొదటి వాక్యాలు తగిలించవచ్చు. ఈ పద్ధతికి 1998లో ఒక ప్రమాణపత్రం వచ్చింది, 2010లో ఆర్‌ఎఫ్‌సీ 6068 పేరుతో దాన్ని సవరించారు. వాటిలో ఎక్కడా ఏ ప్రోగ్రాం తెరుచుకోవాలో చెప్పే చోటు లేదు. కవరు మీద చిరునామా ఉంటుంది గానీ ఏ పోస్ట్‌మ్యాన్ మోసుకెళ్లాలో రాసి ఉండదు కదా. ఎక్సెల్ ఆ లింకును విండోస్ చేతిలో పెట్టి తప్పుకుంటుంది. "మెయిల్‌టు" అని వస్తే ఎవరికి అప్పగించాలో విండోస్ దగ్గర ఒక పట్టీ ఉంటుంది. దిద్దవలసింది ఆ పట్టీని. పత్రంలో ఎన్ని మార్పులు చేసినా లాభం లేదు.

ఈ సంగతి మా బజారులో కంప్యూటర్లు బాగుచేసే అబ్బాయికి తెలియదు. మా సహాయకురాలి కంప్యూటరులో ఏ చిరునామా నొక్కినా ఖాళీ ఖాతా తెర వస్తోందని పిలిస్తే, వచ్చి కూర్చుని, మౌసు అటూ ఇటూ తిప్పి, "ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ వేస్తే పోతుంది మేడమ్" అన్నాడు. ప్రింటరు పలకకపోయినా ఫార్మాటే, తెలుగు అక్షరాలు విడిపోయి కనిపించినా ఫార్మాటే. "వద్దు బాబూ, టీ తాగి వెళ్ళు" అన్నాను. వచ్చినందుకు మాత్రం డబ్బు తీసుకున్నాడు, అది వేరే సంగతి. రెండు నిమిషాల అమరికకు రోజంతా పట్టే వైద్యం చెప్పే దుకాణాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి కాబట్టి ఆ రెండు నిమిషాల పని వివరంగా రాస్తున్నాను.

విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి, యాప్స్‌లోకి, అక్కడినుంచి డిఫాల్ట్ యాప్స్‌లోకి వెళ్లాలి. చాలామంది అక్కడ కనిపించే యాప్‌ల పేర్లు చూస్తూ కిందికి జారుకుంటూ పోతారు. దానికంటే పైన ఉన్న పెట్టె తేలిక. ఫైలు రకం లేదా లింకు రకం టైపు చేయమని అడిగే ఆ పెట్టెలో మెయిల్‌టు అని ఇంగ్లీషులో కొడితే, ఇప్పుడు ఆ పని ఎవరి చేతిలో ఉందో చూపిస్తుంది. దాని మీద నొక్కి, వచ్చిన జాబితాలో థండర్‌బర్డ్‌ను ఎంచుకుని, డిఫాల్ట్‌గా పెట్టమని ఖాయం చేయాలి. విండోస్ 10లో డిఫాల్ట్ యాప్స్ పేజీ మొదట్లోనే ఈమెయిల్ అనే వరుస ఉంటుంది. ఇంతే పని. మళ్లీ ఎక్సెల్‌లోకి వచ్చి నొక్కితే థండర్‌బర్డ్ రాసే కిటికీ వస్తుంది. కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టే అవసరం కూడా లేదు.

ఈ పని థండర్‌బర్డ్ తానే ఎందుకు చేసుకోదు? దాని సెట్టింగ్స్‌లో "ఇది మీ డిఫాల్ట్ మెయిల్ ప్రోగ్రామా" అని సరిచూసుకునే బటన్ ఒకటి ఉంది. కానీ విండోస్ 8 నుంచి, వాడేవారు చేసిన ఎంపికను బయటి ప్రోగ్రాం ఏదీ చాటుగా మార్చకుండా ఒక రహస్య ముద్ర వేసి దాస్తున్నారు. అంతకుముందు కొత్త ప్రోగ్రాం ఏది ఎక్కించినా లింకులన్నీ తనవైపు తిప్పేసుకునేది. ఆ అల్లరి భరించినవారికి ఈ కాపలా న్యాయంగానే తోస్తుంది. నా అభ్యంతరం కాపలా మీద కాదు. ఇంటి యజమానికి కూడా తాళం ఎక్కడుందో వెతుక్కోవలసి రావడం మీద.

జాబితాలో థండర్‌బర్డ్ పేరే కనిపించకపోతే ఒకటి చూసుకోండి. పెన్‌డ్రైవులో పెట్టుకుని నడిపే పోర్టబుల్ రూపం ఒకటి దొరుకుతుంది. అది కంప్యూటరులో ఎక్కడా తన పేరు నమోదు చేసుకోదు, దాని గొప్ప అదే. నమోదు కానిదాన్ని విండోస్ జాబితాలో చూపదు. లింకులు దానివైపు వెళ్లాలంటే మామూలు పద్ధతిలో ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

లింకు దారి సరిపడ్డాక కూడా ఇంకో పేచీ వస్తుంది. ఫైలు మీద కుడి బటన్ నొక్కి "మెయిల్ ద్వారా పంపు" అంటేనో, వర్డ్‌లో షేర్ మెనూ నుంచి అటాచ్‌మెంటుగా పంపమంటేనో, డిఫాల్ట్ మెయిల్ ప్రోగ్రాం ఏదీ లేదని ఒక సందేశం రావచ్చు. ఇప్పుడే కదా పెట్టాం అనిపిస్తుంది. పెట్టింది లింకులకు. ఫైలును జతచేసి పంపే దారి వేరు, దాన్ని మ్యాపీ అంటారు, విండోస్‌లో దాని పట్టీ వేరే చోట ఉంటుంది. థండర్‌బర్డ్‌కు ఈ రెండో దారి కూడా తెలుసు. దాని సెట్టింగ్స్‌లో సిస్టమ్ ఇంటిగ్రేషన్ అనే చోట చెక్ నౌ బటన్ నొక్కి, ఈమెయిల్ పక్కన టిక్కు పెట్టి ఖాయం చేసుకోవాలి. విండోస్ 10తో పాటు వచ్చిన మెయిల్ యాప్‌కు మ్యాపీ అసలు లేదు. లింకులు తెరుచుకునేవి, ఫైళ్లు మాత్రం వెళ్లేవి కావు. ఆ యాప్‌కు మద్దతు 2024 డిసెంబరు 31తో ముగిసింది కూడా. ఇప్పటికీ పాత కంప్యూటర్లలో లింకులన్నీ దాని పేరు మీదే ఉండిపోయి, నొక్కినవారిని అయోమయంలో పెడుతుంటాయి.

ఇక అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టేది పీడీఎఫ్. విండోస్‌లో అంతా థండర్‌బర్డ్ పేరు మీదకు మార్చిన మరునాడే మా సహాయకురాలు, "మేడమ్, మళ్లీ పాతదానికి మారిపోయింది" అని వచ్చింది. ఎక్సెల్‌లో నొక్కితే థండర్‌బర్డ్ వస్తోంది, ఒక కంపెనీ పంపిన పీడీఎఫ్ ఉత్తరం కింద ఉన్న చిరునామా నొక్కితే జీమెయిల్ ట్యాబ్ వస్తోంది. మారింది ఏమీ లేదు. ఆ పీడీఎఫ్ బ్రౌజరులో తెరుచుకుంది. బ్రౌజరులో నొక్కిన లింకు ముందు బ్రౌజరు చేతికే వెళుతుంది, దానికి సొంత పట్టీ ఉంటుంది. క్రోమ్‌లో జీమెయిల్ తెరిచినప్పుడు చిరునామా గడి చివర ఒక చిన్న గుర్తు వచ్చి "మెయిల్ లింకులన్నీ నేను తెరవనా" అని అడుగుతుంది. ఎప్పుడో ఒకసారి ఎవరో ఒకరు సరేనంటారు. అప్పటినుంచి బ్రౌజరులో నొక్కినవన్నీ అటే పోతాయి, విండోస్ దాకా రానే రావు. దీన్ని మార్చాలంటే క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో అదనపు అనుమతులు, అందులో ప్రోటోకాల్ హ్యాండ్లర్స్ దాకా దిగాలి. అక్కడ జీమెయిల్ పేరు తీసేస్తే లింకు విండోస్‌కు వచ్చి థండర్‌బర్డ్‌ను చేరుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో ఇది తేలిక. సెట్టింగ్స్ మొదటి పేజీలోనే అప్లికేషన్స్ అనే పట్టికలో మెయిల్‌టు వరుస ఉంటుంది. జీమెయిల్ కావాలో, థండర్‌బర్డ్ కావాలో, ప్రతిసారీ అడగాలో అక్కడే ఎంచుకోవచ్చు.

మరి అన్నీ జీమెయిల్‌కే ఎందుకు వదిలేయలేదని మా అమ్మాయి అడిగింది. అది కూడా ప్రయత్నించాను. విండోస్‌లో మెయిల్‌టును క్రోమ్‌కు అప్పగించి, క్రోమ్‌లో జీమెయిల్‌కు అప్పగిస్తే సరిగ్గానే నడుస్తుంది. ఈ రెండు మెట్లలో ఒకటి చేసి రెండోది మరిచిపోతే మాత్రం ఖాళీ బ్రౌజరు కిటికీ ఒకటి వచ్చి నిలబడుతుంది. కానీ నా పనికి అది పనికిరాలేదు. నొక్కిన ప్రతి పేరుకూ ఒక కొత్త ట్యాబ్. జీఎస్టీ పోర్టల్ ట్యాబ్ ఏదో, ఉత్తరం ట్యాబ్ ఏదో వెతుక్కోవడంతోనే పొద్దుపోతుంది. ఒకే బ్రౌజరులో ఆఫీసు ఖాతా, సొంత ఖాతా రెండూ తెరిచి ఉంటే, ముందు లాగిన్ అయిన ఖాతాలోనే ఉత్తరం తెరుచుకుంటుంది. పోర్టల్ నత్తనడక నడిచే 20వ తేదీ సాయంత్రం ఇంటర్నెట్ కూడా పోయిందంటే రాసేందుకు కిటికీ కూడా ఉండదు. థండర్‌బర్డ్‌లో నెట్ లేకపోయినా ఉత్తరాలు రాసి అవుట్‌బాక్స్‌లో వరుసగా పేర్చుకోవచ్చు, నెట్ వచ్చాక పంపవచ్చు. మా వీధిలో కరెంటు సంగతి తెలిసినవారికి ఈ సౌకర్యం విలువ వేరే చెప్పనక్కర్లేదు.

కొత్త విండోస్ 11 కంప్యూటర్లలో ముందే ఎక్కించి వచ్చే కొత్త ఔట్‌లుక్ సంగతి కూడా చెప్పాలి. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, లింకులు చక్కగానే అందుకుంటుంది. దాన్ని పక్కన పెట్టడానికి నా కారణం వేరు. జీమెయిల్ వంటి బయటి ఖాతాను అందులో కలిపేటప్పుడు, ఆ ఉత్తరాలు మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌కు సింక్ అవుతాయని అదే ముందుగా చెప్పి అనుమతి అడుగుతుంది. దాపరికం లేదు, అంతవరకు మెచ్చుకోవలసిందే. అయితే నా మెయిల్లో ఉండేవి ఇతరుల అమ్మకాల లెక్కలు, పాన్ నంబర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు. అవి ఇంకో చోట కూడా ఉండనివ్వడానికి అనుమతి ఇవ్వవలసింది నేను కాదు, ఆ క్లయింట్లు. థండర్‌బర్డ్ నేరుగా మెయిల్ సర్వరుకూ నా కంప్యూటరుకూ మధ్య నడుస్తుంది. ఇంకో చిక్కు, పాత ఔట్‌లుక్ కూడా ఉన్న కంప్యూటరులో డిఫాల్ట్ జాబితాలో ఔట్‌లుక్ పేరుతోనే రెండు కనిపిస్తాయి. పాతదాన్ని వాడుతూ కొత్తదాన్ని ఎంచుకున్నవారికి మళ్లీ ఆ స్వాగత తెరే ఎదురవుతుంది.

తెలుగులో ఉత్తరాలు రాసేవారికి ప్రత్యేకంగా చెప్పవలసిన సంగతి ఒకటుంది. మెయిల్ లింకులో తెలుగును ఉన్నది ఉన్నట్టు పెట్టరు. ఒక్కొక్క తెలుగు అక్షరం కంప్యూటరు లెక్కలో మూడు బైట్లు, ఒక్కో బైటుకు శాతం గుర్తుతో కలిపి మూడు గుర్తులు, అంటే అక్షరానికి తొమ్మిది. గుణింతాలూ, పొల్లు గుర్తూ, సున్నా కూడా విడివిడి అక్షరాలే. ఎక్సెల్‌లో హైపర్‌లింక్ ఫార్ములాకు లింకు పొడవు 255 గుర్తులు దాటకూడదు, దాటితే గడిలో తప్పు చూపిస్తుంది. ఇప్పుడు లెక్క వేయండి. "జీఎస్టీ గడువు" అనే విషయానికి పన్నెండు అక్షరాలు, ఒక ఖాళీ, మొత్తం 111 గుర్తులు. చిరునామా 25 అనుకుందాం. మెయిల్‌టు, విషయం, ఉత్తరం అని చెప్పే సాంకేతిక మాటలకు 22. ఉత్తరంలో "నమస్కారం" అన్న ఒక్క మాటకే 72. అన్నీ కలిపితే 230. ఇక మిగిలింది 25, అందులో పట్టేది రెండు అక్షరాలు. నమస్కారం పెట్టి ఊరుకోవలసిందే! అదే ఇంగ్లీషులో అయితే ఆ చోటులోనే మూడు నాలుగు వాక్యాలు నడుస్తాయి.

దీనికి నేను కుదుర్చుకున్న మార్గం చెబుతాను. లింకులో చిరునామా, పొట్టి విషయం మాత్రమే ఉంచాను. విషయాన్ని ఎక్సెల్‌లోనే ఉన్న ఎన్‌కోడ్‌యూఆర్‌ఎల్ ఫంక్షన్ తొమ్మిదేసి గుర్తులుగా మార్చి ఇస్తుంది. అసలు ఉత్తరం పాఠాన్ని థండర్‌బర్డ్‌కు దొరికే క్విక్‌టెక్స్ట్ అనే యాడ్-ఆన్‌లో దాచుకున్నాను. మెత్తని ఉత్తరం, మామూలు ఉత్తరం, గట్టి ఉత్తరం అని మూడు. కిటికీ తెరుచుకోగానే తగినది ఎంచుకుని దింపి, ఒక వాక్యం చేర్చి పంపేస్తాను. లింకులు తయారుచేసే కొన్ని పరికరాలు ఖాళీ ఉన్న చోట కూడిక గుర్తు పెడతాయి. మెయిల్ లింకుల ప్రమాణంలో కూడిక అంటే కూడికే. దాన్ని ఖాళీగా చదవకూడదని ఆర్‌ఎఫ్‌సీ చెబుతుంది, థండర్‌బర్డ్ అలాగే నడుచుకుంటుంది. మీ విషయం వరుసలో మాటల మధ్య కూడికలు కనిపిస్తే ప్రోగ్రాంను అనకండి, లింకును చూసుకోండి.

ఇక థండర్‌బర్డ్ లోపాలు. లింకు నొక్కినప్పుడు ఉత్తరం ఎప్పుడూ డిఫాల్ట్ ఖాతా నుంచే తెరుచుకుంటుంది. నాకు ఆఫీసు ఖాతా ఒకటి, సొంత ఖాతా ఒకటి ఉన్నాయి. మా అపార్టుమెంటు సంఘం జాబితాలో ఉన్న చిరునామా నొక్కితే అది కూడా ఆఫీసు పేరుతోనే మొదలవుతుంది. పైన ఉన్న ఫ్రమ్ వరుసలో మార్చుకోవచ్చు, మార్చాలన్న ధ్యాస ఉండాలి. ఏ పత్రం నుంచి వస్తే ఏ ఖాతా అని నిర్ణయించే వీలు ఉంటే ఎంత బాగుండేదో. ఆఫీసు ఖాతానే డిఫాల్ట్‌గా ఉంచడం మేలు, ఎందుకంటే క్లయింటుకు సొంత ఖాతా నుంచి నోటీసు వెళ్లడం కంటే పక్కింటివారికి ఆఫీసు ఖాతా నుంచి నీటి బిల్లు సంగతి వెళ్లడం తక్కువ ఇబ్బంది.

రెండోది, అది తినే చోటు. ఏమీ మార్చకుండా వదిలేస్తే ఉత్తరాలన్నిటి నకళ్లనూ కంప్యూటరులోకి దించుకుంటుంది. జీమెయిల్‌లో లేబుళ్లు ఫోల్డర్లుగా కనిపిస్తాయి, వాటిలో ఉన్నవే ఆల్ మెయిల్ అనే ఫోల్డరులో మళ్లీ ఉంటాయి. ఏళ్ల తరబడి పీడీఎఫ్‌లు పోగుపడిన ఖాతా అయితే డిస్కు బరువెక్కుతుంది. ఖాతా సెట్టింగ్స్‌లో సింక్రనైజేషన్ అనే చోట ఆల్ మెయిల్‌ను వదిలేయమని, ఇన్ని రోజుల ఉత్తరాలే చాలని చెప్పుకోవచ్చు. ఇది మొదటిరోజే చేసుకోవలసిన పని.

మూడోది లోపం అనకూడదేమో. లింకు ద్వారా ఫైలు జతచేయలేం. మెయిల్‌టు ప్రమాణంలోనే ఆ ఏర్పాటు లేదు, ఉంటే ఎవరో పంపిన లింకు నొక్కగానే మన ఫైలు మనకు తెలియకుండా ఉత్తరంలో చేరే ప్రమాదం ఉండేది. థండర్‌బర్డ్‌ను కమాండ్ ద్వారా పిలిస్తే మాత్రం చిరునామా, విషయం, అటాచ్‌మెంటు అన్నీ కలిపి కిటికీ తెరిపించవచ్చు. మా మేనల్లుడు అలా ఒక చిన్న బటన్ చేసి పెట్టాడు. ఇంగ్లీషు ఉత్తరంలో అటాచ్‌మెంటు అన్న మాట రాసి ఫైలు పెట్టకపోతే థండర్‌బర్డ్ గుర్తుచేస్తుంది. ఈ ఒక్క గుణం కోసమే దాన్ని భరించవచ్చు అనేవారు మా వృత్తిలో ఉన్నారు.

విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిశాక, సహాయకురాలి పాత కంప్యూటరులో ఆ మేనల్లుడే విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత వ్యవస్థ వేశాడు. అందులో థండర్‌బర్డ్ ముందే ఉంటుంది. ప్రిఫర్డ్ అప్లికేషన్స్ అనే చోట మెయిల్‌కు ఏది కావాలో ఒక్క వరుసలో తేలిపోతుంది, విండోస్‌లో లాగా వెతుకులాట లేదు. అందులో వర్డ్, ఎక్సెల్ బదులు వాడే లిబ్రెఆఫీస్ పత్రాల నుంచి మెయిల్ పంపేందుకు మాత్రం వేరే చోట చూడాలి. టూల్స్ మెనూలో ఆప్షన్స్, అందులో ఇంటర్నెట్, అందులో ఈమెయిల్ అనే చోట ప్రోగ్రాం దారి ఇచ్చే పెట్టె ఉంటుంది. వర్డ్‌లోనూ లిబ్రెఆఫీస్ రైటర్‌లోనూ లింకు పనిచేయడం లేదని అనుకునే ముందు కంట్రోల్ కీ పట్టుకుని నొక్కి చూడండి. ఉత్తరం దిద్దేటప్పుడు పొరపాటున తెరుచుకోకుండా పెట్టిన ఏర్పాటది. ఎక్సెల్‌లో ఒట్టి క్లిక్ చాలు.

బెంగళూరులో మా అమ్మాయికి మ్యాక్ ఉంది. అక్కడ ఈ అమరిక ఉన్న చోటు చూస్తే నవ్వొచ్చింది. వేరే మెయిల్ ప్రోగ్రాం కావాలంటే, అక్కర్లేదనుకున్న మెయిల్ యాప్‌నే తెరిచి, దాని సెట్టింగ్స్‌లో జనరల్ కింద డిఫాల్ట్ ఈమెయిల్ రీడర్ ఎంచుకోవాలి. ఐఫోనులో ఈ మార్పుకు వీలు కల్పించిందే 2020లో ఐఓఎస్ 14తో.

థండర్‌బర్డ్ ఉచితం, విరాళాలతో నడుస్తుంది. 2004 డిసెంబరులో మొదటి పూర్తి రూపం వచ్చింది, 2023లో 115వ సంచికతో ముఖం బాగా మార్చారు. పాత మెనూలకు అలవాటుపడినవారికి కొత్త ముఖం కొన్నాళ్లు గుచ్చుకుంటుంది. తెలుగు అక్షరాలు చిన్నవిగా కనిపిస్తే సెట్టింగ్స్‌లో ఫాంట్ల అడ్వాన్స్‌డ్ పేజీలో తెలుగును ఎంచుకుని పరిమాణం పెంచుకోవాలి. మామూలు ఫాంటు పరిమాణం పెంచితే ఇంగ్లీషు ఒక్కటే పెరగవచ్చు.

ఒకే జీమెయిల్ ఖాతా ఉండి, మెయిలంతా ఫోనులోనే చూసుకునేవారికి ఇది అక్కర్లేదు. బ్రౌజరుకు అప్పగించే రెండు మెట్లు సరిచేసుకుంటే వారికి చాలు. జాబితాలు, ఉత్తరాలు, నోటీసులు ముందేసుకుని రోజుకు పదుల సంఖ్యలో చిరునామాలు నొక్కే ఆఫీసుకైతే పెట్టుకోమనే చెబుతాను. పెట్టుకున్నాక ఎక్సెల్, వర్డ్, బ్రౌజరులో తెరిచిన పీడీఎఫ్, ఫైలు మీద కుడి బటన్, ఈ నాలుగు చోట్లా మీ చిరునామాకే ఒక్కో ఉత్తరం పంపి చూడండి. మూడు చోట్ల సరిపోయి నాలుగో చోట మొండికేస్తే, అది విండోస్ పట్టీయా, బ్రౌజరు పట్టీయా, మ్యాపీయా అన్నది దాన్నిబట్టే తెలిసిపోతుంది. ఫార్మాట్ చేసే అబ్బాయిని పిలవనక్కర్లేదు.